నున్నటి కుక్క గిన్నె

కుక్క ఒంటి మీది వెంట్రుకల గురించి మన భాషలో వాడుకగా ఉన్నవి రెండే మాటలు. ఒత్తుగా ఉంటే బొచ్చుకుక్క. ఊడిపోతే గజ్జికుక్క. పుట్టుకతోనే వెంట్రుకలు లేని కుక్క మన వీధుల్లో తిరగలేదు కాబట్టి దానికి మాట కూడా పుట్టలేదు. అందుకే మెక్సికో షోలో ఫొటో మొదటిసారి చూసిన తెలుగువాళ్ళెవరైనా "అయ్యో పాపం, దీనికేం జబ్బు?" అనే అడుగుతారు. వెనకే రెండో ప్రశ్న వస్తుంది: "సరిగ్గా తిండి పెట్టట్లేదా?"

మొదటి ప్రశ్నకి జవాబు తేలిక. రెండోదాని కోసమే ఈ అధ్యాయం. షోలోని ప్రేమగా పెంచుకునేవాళ్ళలో కూడా ఆ అనుమానం ఏదో ఒక మూల ఉంటుంది. చర్మం కాస్త పొడిబారినా, వీపు మీద నాలుగు నల్లటి గింజలు కనిపించినా గిన్నెలో ఏదో ఒకటి అదనంగా పడుతుంది: చేపనూనె, గుడ్డు, బయోటిన్ మాత్ర, మేక కాలేయం. ఇందులో కొన్ని పనికొస్తాయి, కొన్ని పనికిరావు, ఒకటి రెండు ప్రమాదం తెస్తాయి. ఏది ఏదో తెలియాలంటే ముందు ఆ కుక్కకి వెంట్రుకలు ఎందుకు లేవో చూడాలి.

షోలో పూర్తి పేరు షోలోఇట్స్‌క్వీంత్లి. అజ్టెకుల నవాత్ల్ భాషలో ఇట్స్‌క్వీంత్లి అంటే కుక్క, దాని ముందు చేరింది షోలోత్ల్ అనే దేవుడి పేరు. చచ్చిపోయినవాళ్ళని మిక్త్లాన్ అనే పాతాళలోకానికి చేర్చేది ఈ కుక్కేనని వాళ్ళ నమ్మకం. మన యముడికీ శ్యామం, శబలం అని రెండు కుక్కలున్నాయి కానీ వాటి పని కాపలా. చిత్రకారిణి ఫ్రీడా కాలో ఇంట్లో షోలోలు ఉండేవి. 2017లో వచ్చిన 'కోకో' సినిమాలో నాలుక వేలాడేసుకుని తిరిగే దాంతే కూడా షోలోనే. ఆ నాలుక ఎందుకు వేలాడుతుందో తర్వాత చెప్పుకుందాం, దానికీ తిండికీ సంబంధం ఉంది. భుజం దగ్గర 25 సెంటీమీటర్ల ఎత్తుండే చిట్టి షోలో నుంచి 60 సెంటీమీటర్ల పెద్దదాకా మూడు సైజులున్నాయి. కాబట్టి "షోలోకి ఎంత పెట్టాలి" అని ఎవరైనా ఒకే అంకె చెప్తే నమ్మకండి.

2008లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు, వాళ్ళ సహచరులు ఈ బోడితనం వెనకున్న జన్యువుని పట్టుకున్నారు. పేరు ఫాక్స్ఐ3. అందులో ఏడు అక్షరాలు రెండుసార్లు అచ్చయ్యాయి, అంతే. ఒక వాక్యం మధ్యలో ఏడక్షరాలు ఎక్కువ పడితే తర్వాతి మాటలన్నీ చెడిపోయినట్టు ఆ జన్యువు చేయించాల్సిన ప్రోటీన్ చెడిపోతుంది. మెక్సికో షోలోకి, పెరూ బోడికుక్కకి, చైనీస్ క్రెస్టెడ్‌కి మూడింటికీ ఇదే తప్పు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండూ చెడ్డ కాపీలే వస్తే పిల్ల కడుపులోనే పోతుంది. ఒకటి చెడ్డది, ఒకటి మంచిది వస్తే బోడిపిల్ల. రెండూ మంచివే వస్తే మామూలు బొచ్చుపిల్ల. అందుకని రెండు బోడికుక్కలు జతకడితే పుట్టే ప్రతి మూడు పిల్లల్లో సగటున రెండు నున్నగా, ఒకటి బొచ్చుతో ఉంటాయి. ఒకే తల్లి, ఒకే పాలు, ఒకే గిన్నె. అయినా ఒకదానికి బొచ్చుంది, పక్కదానికి లేదు. బోడితనం తిండి లోపం కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

పిండం దశలో పైపొర ఒకటి ఉంటుంది. వెంట్రుకలూ, పళ్ళ పైనుండే పింగాణీ పొరా, చర్మంలోని గ్రంథులూ అన్నీ ఆ పొర నుంచే మొలుస్తాయి. ఫాక్స్ఐ3 అక్కడ మేస్త్రీ పని చేస్తుంది. మేస్త్రీ సగం రోజులే పనికొస్తే ఇల్లు ఎలా ఉంటుందో ఈ కుక్క నోరు అలా ఉంటుంది. బోడికుక్కల పళ్ళు అసంపూర్ణంగా ఉంటాయన్న సంగతి డార్విన్ 1859 నాటి పుస్తకంలోనే రాశాడు. వెంట్రుకలకీ పళ్ళకీ ఏమిటీ సంబంధమని ఆయనకి ఆశ్చర్యం. కారణం తేలడానికి దాదాపు నూటయాభై ఏళ్ళు పట్టింది.

దీనివల్ల తేలే మొదటి సంగతి: వెంట్రుక మొలిచే గుంటే సరిగ్గా తయారు కానప్పుడు ఏ తిండీ ఆ వెంట్రుకని మొలిపించలేదు. చర్మానికీ బొచ్చుకీ మంచిదని సంచి మీద రాసి అమ్మే మేతలున్నాయి. వాటిని షోలో ఇంటికి మోసుకొచ్చేవాళ్ళని చూస్తే బోడితలకి దువ్వెన కొనిచ్చినట్టే ఉంటుంది. చర్మం మాట వేరు, అక్కడికి వస్తాను. బయోటిన్ మాత్రలదీ ఇదే కథ. బయోటిన్ లోపం కుక్కల్లో అరుదు. దాన్ని చేజేతులా తెచ్చుకునే దారి ఒకటుంది, రోజూ పచ్చిగుడ్డు కొట్టిపోయడం. తెల్లసొనలోని అవిడిన్ అనే ప్రోటీన్ బయోటిన్‌ని పట్టుకుని వదలదు. ఉడికిస్తే ఆ పట్టు పోతుంది. కుక్కకి పచ్చిగుడ్డు బలమని మన దగ్గరా ఒక నమ్మకం ఉంది. ఉడికించిన గుడ్డు అంతకంటే బలం.

ఇక నోటి సంగతి. జర్మనీలోని యేనాలో లుడ్విగ్ ప్లాటె అనే జంతుశాస్త్రవేత్త ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బోడికుక్కలని పెంచి, వాటి పుర్రెలు భద్రపరిచాడు. దాదాపు వందేళ్ళ తర్వాత ఆ పుర్రెల్ని మళ్ళీ బయటికి తీసి పరీక్షించారు. 2017లో వచ్చిన ఆ పరిశీలనలో తేలింది ఏమిటంటే, వీటికి పాలపళ్ళ తర్వాత రావాల్సిన పళ్ళు చాలావరకు రావు. కోరపళ్ళూ, వాటి వెనక ఉండే ముందు దవడపళ్ళూ లోపిస్తాయి, ముందుపళ్ళు కూడా కొంతవరకు. ఉన్న దవడపళ్ళ మీద కూడా నాలుక వైపు ఉండాల్సిన మొనలు ఉండవు. బతికున్న షోలో పెదవి పైకెత్తి చూస్తే పక్కన ఖాళీ చిగురు నున్నగా వేలికి తగులుతుంది. అడ్డుగా గోడలా పళ్ళు ఉండాల్సిన చోట ఏమీ లేదు కాబట్టే నాలుక అలా పక్కకి జారుతుంది. దాంతే నాలుక సంగతి ఇదీ.

మరి తినడం ఎలా? నిజానికి కుక్క మనలా నమలదు. ముందు దంతాలతో చీల్చి, వెనక దవడపళ్ళతో ఒకట్రెండు సార్లు నొక్కి మింగేస్తుంది. షోలోకి చీల్చే పళ్ళు తక్కువ, కాబట్టి చీల్చాల్సిన పని మనం చేసిపెట్టాలి. మాంసం వేలి కణుపంత ముక్కలుగా కోసి ఉడికించాలి. గట్టి డ్రై ఫుడ్ అయితే గోరువెచ్చటి నీళ్ళు చల్లి పది నిమిషాలు వదిలేస్తే చాలు. ఆ పది నిమిషాల తర్వాత ఒక గింజని రెండు వేళ్ళ మధ్య నొక్కి చూడండి. పైన మెత్తబడి లోపల కొంచెం గట్టిగా ఉంటే సరిపోయినట్టు, పిండిలా చిదిగిపోతే నీళ్ళు ఎక్కువైనట్టు. ఎముకలు మాత్రం వద్దు. ఉన్న నాలుగు పళ్ళూ బలమైనవేమీ కావు, విరిగితే మళ్ళీ రావు. అమెరికాలో పుట్టిన హెయిర్‌లెస్ టెర్రియర్ అనే ఇంకో బోడిజాతి ఉంది. దాని బోడితనం వేరే జన్యువు వల్ల వచ్చింది, పళ్ళన్నీ ఉంటాయి. బోడికుక్కలన్నిటికీ ఒకే సలహా చెప్పేవాళ్ళు మర్చిపోయే సంగతి ఇది.

షోలో ఒంటిమీద చెయ్యేస్తే కాలుతున్నట్టుంటుంది. అందుకే దీనికి ఒంటివేడి ఎక్కువనీ, అందువల్ల ఎక్కువ తింటుందనీ చెప్పుకుంటారు. కీళ్ళనొప్పులున్నవాళ్ళు దీన్ని పక్కలో పడుకోబెట్టుకునేవారు, మన ఇళ్ళలో వేడినీళ్ళ సంచీ పెట్టుకున్నట్టు. థర్మామీటర్ పెట్టి చూస్తే తెలుస్తుంది: ఏ కుక్కకైనా ఉండే 38, 39 డిగ్రీలే. మామూలు కుక్కలో ఆ వేడికీ మన అరచేతికీ మధ్య బొచ్చు అడ్డుంటుంది. ఇక్కడ లేదు.

కానీ అదే వేడి అడ్డు లేకుండా గాలిలోకీ పోతుంది. అసలు లెక్క ఇక్కడుంది. ఒంటిని వెచ్చగా ఉంచడానికి అదనంగా ఏమీ ఖర్చు పెట్టక్కర్లేని గది ఉష్ణోగ్రత ప్రతి జీవికీ ఒకటి ఉంటుంది. పొడుగు బొచ్చు కుక్కలకి అది 15 నుంచి 20 డిగ్రీలు, పొట్టి బొచ్చు వాటికి 20 నుంచి 25. అలాస్కా హస్కీకి 10, 15 అయినా హాయే. బట్టల్లేని మనిషికి 28 దాకా కావాలి. షోలో ఈ వరసలో మనిషి దగ్గర కూర్చుంటుందని ఊహించడానికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు. మెక్సికో నగరం సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తులో ఉంది. జనవరి తెల్లవారుజామున అక్కడ ఆరేడు డిగ్రీల చలి. ఆ వేళ గచ్చు మీద పడుకున్న షోలో వణుకుతుంది. వణుకు అంటే కండరాలు తిండిని కాల్చి వేడి చేయడమే.

ఇప్పుడు పెంచేవాడికి రెండు దారులు. గిన్నె పెంచొచ్చు, లేదా దుప్పటి కప్పొచ్చు. పదహారో శతాబ్దంలో బెర్నార్దినో దె సహగూన్ అనే స్పెయిన్ సన్యాసి అజ్టెకు పెద్దల్ని అడిగి వాళ్ళ జీవితాన్ని గ్రంథస్తం చేశాడు. అందులో ఈ కుక్క గురించీ ఉంది: వెంట్రుకలు బొత్తిగా లేని కుక్కలు, రాత్రిపూట వీటికి దుప్పట్లు కప్పేవారు అని. పుట్టుకతో ఇలా ఉంటాయని కొందరూ, పిల్లలప్పుడు దేవదారు జిగురు లాంటిది పూస్తే వెంట్రుకలు ఊడిపోతాయని కొందరూ చెప్పారని కూడా రాశాడు. జిగురు కథని పక్కన పెడదాం. దుప్పటి మాత్రం సరైన జవాబు. చలి వేస్తోందని గిన్నె నింపితే ఎండాకాలం వచ్చాక కూడా చెయ్యి అదే కొలతకి అలవాటుపడుతుంది, కుక్క లావెక్కుతుంది. దుప్పటి మార్చి నెలలో మడిచి పెట్టెయ్యొచ్చు.

అంకెల్లో చూద్దాం. పన్నెండు కిలోల మధ్యరకం షోలో, ఇంటిపట్టున ఉండేది. బరువుని బట్టి కేలరీలు నేరుగా పెరగవు, 0.75 ఘాతంతో పెరుగుతాయి. రెట్టింపు బరువున్న కుక్కకి రెట్టింపు తిండి అక్కర్లేదన్నమాట. ఆ లెక్కన ఈ కుక్కకి రోజుకి 600 నుంచి 700 కిలోకేలరీలు సరిపోతాయి. కిలోకి 3,600 కిలోకేలరీలున్న డ్రై ఫుడ్ (ఏ కంపెనీదైనా మనవాళ్ళు పెడిగ్రీ అనే అంటారు) అయితే సుమారు 180 గ్రాములు. గ్లాసుతో కొలవకండి, వంటింటి త్రాసు మీద తూయండి. ఒకే గ్లాసుతో ముగ్గురు ఇంటివాళ్ళు పోస్తే మూడు బరువులొస్తాయి. ఈ 180 గ్రాములు మొదలుపెట్టడానికి పనికొచ్చే అంకె మాత్రమే, ఆ తర్వాత చెప్పాల్సింది కుక్క ఒళ్ళే. ఈ ఒక్క విషయంలో షోలో యజమాని అదృష్టవంతుడు. బొచ్చుకుక్క లావెక్కినా చిక్కినా చేత్తో తడిమి తెలుసుకోవాలి, షోలోది గదిలో అటు చివర నుంచి కనిపిస్తుంది. పక్కటెముకలు లీలగా తెలియాలి, పైనుంచి చూస్తే నడుం కాస్త లోపలికి పోవాలి. అమెరికాలో 48 లాబ్రడార్లని జీవితాంతం గమనించి 2002లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, తమకి జతగా ఎంచిన కుక్క కంటే నాలుగో వంతు తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్ళు ఎక్కువ బతికాయి. బోడి అయినా బొచ్చయినా కుక్క గిన్నె గురించి ఇంతకంటే విలువైన అంకె నాకు తెలియదు.

ఇక చర్మం. బొచ్చు అడ్డం లేనిచోట ఎండకీ, గాలికీ, దుమ్ముకీ ఎదురు నిలిచేది పైచర్మం ఒక్కటే. దాని నిర్మాణం ఇటుక గోడలాంటిది. చచ్చిన కణాలు ఇటుకలు, వాటి మధ్య కొవ్వు సున్నం. ఆ సున్నంలో తప్పనిసరిగా ఉండాల్సిన సరుకు లినోలిక్ ఆమ్లం. దాన్ని కుక్క ఒళ్ళు తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. అది తగ్గితే గోడలో సందులు పడి లోపలి తడి ఆవిరైపోతుంది, చర్మం పొట్టు రేగుతుంది. పైన ఎంత నూనె మర్దనా చేసినా సందు పూర్తిగా పూడదు.

ఎంత కావాలి? ప్రతి వెయ్యి కిలోకేలరీల తిండికి 2.8 గ్రాములు. మన పన్నెండు కిలోల కుక్కకి రోజుకి రెండు గ్రాములకి లోపే. మామూలు పొద్దుతిరుగుడు నూనె ఒక టీస్పూన్ తీసుకుంటే అందులోనే రెండున్నర గ్రాముల పైన ఉంటుంది. కుసుమ నూనెలో ఇంకా ఎక్కువ. మెక్సికోవాళ్ళకి చేతికందే మొక్కజొన్న నూనెలో సగానికి పైగా ఇదే. వేరుశెనగ నూనెలో మూడో వంతు అటూఇటూ. కొబ్బరినూనెలో మాత్రం నూటికి రెండు పాళ్ళు, నెయ్యిలోనూ అంతే. చర్మానికి మంచిదని గిన్నెలో కొబ్బరినూనె కలిపేవాళ్ళు కుక్కకి కేలరీలు పెడుతున్నారు, చర్మానికి పెట్టట్లేదు. పెరుగన్నం మీద పెరిగే మన ఇంటి కుక్కల చర్మం పొడిపొడిగా ఉండడానికి కూడా ఇదొక కారణం. అన్నంలో కొవ్వు లేదు, పెరుగులో ఉన్న కొవ్వులో లినోలిక్ దాదాపు లేదు.

మంచి డ్రై ఫుడ్ తినే కుక్కకి ఆ టీస్పూన్ కూడా అక్కర్లేదు, అందులోనే కలిపి ఉంటుంది. ఇంట్లో వండిపెట్టేదానికి కావాలి. కలిపితే ఆ నలభై కిలోకేలరీలు మిగతా తిండిలోంచి తగ్గించాలి, లేకపోతే నెల తిరిగేసరికి త్రాసు చెప్తుంది. ఇంకోటి, ఓపిక పట్టాలి. కుక్క పైచర్మం అడుగునుంచి పైదాకా మారడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. సోమవారం నూనె పోసి శనివారం "ఏం తేడా లేదు" అంటే ఆ గోడలో కొత్త ఇటుక ఇంకా పైకే రాలేదు.

చర్మానికి కావాల్సిన రెండోది జింక్. గింజధాన్యాల తవుడులో ఉండే ఫైటేట్ అనే పదార్థం జింక్‌ని కట్టిపడేస్తుంది, కాల్షియం అతిగా వేస్తే ఆ కట్టు ఇంకా బిగుస్తుంది. ధాన్యం ఎక్కువ, మాంసం తక్కువ, పైగా ఎముకలు గట్టిపడతాయని కాల్షియం పొడి ఎక్కువ. పెరిగే పిల్లకి ఇలా పెడితే మూతి చుట్టూ, కళ్ళ చుట్టూ చర్మం బెరడు కడుతుంది. అది చూసి గజ్జి అనుకుంటే మళ్ళీ మొదటికొచ్చినట్టే.

జింక్ ఇంకో దారిలోనూ లోపలికి పోతుంది. షోలో చర్మం, ముఖ్యంగా లేతరంగు మచ్చలున్నచోట, ఎండకి మాడుతుంది. మనుషుల సన్‌స్క్రీన్ రాస్తారు. అందులో జింక్ ఆక్సైడ్ ఉంటే కుక్క నాకి వాంతులు చేసుకుంటుంది. బోడికుక్క విషయంలో ఒంటికి రాసిందంతా కడుపులోకి పోయేదే అనుకుని రాయాలి. చొక్కా తొడగడం మేలు.

ఎండ అనగానే డి విటమిన్ గుర్తొస్తుంది. బొచ్చు లేదు కాబట్టి ఎండలో పడుకుంటే చాలు, డి విటమిన్ దానంతటదే తయారవుతుందని చాలామంది ధీమా. కుక్క విషయంలో ఇది చెల్లదు. ఎండ తగిలి డి విటమిన్‌గా మారాల్సిన ముడిసరుకుని కుక్క చర్మంలోని ఒక ఎంజైమ్ ముందే కొలెస్టరాల్‌గా మార్చేస్తుంది. కుక్క చర్మంలో డి విటమిన్ చాలినంత తయారుకాదని నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో 1990లలో తేల్చారు. తోడేలుకి వేటాడిన జంతువులోంచే డి విటమిన్ దొరికేది, సొంతంగా తయారుచేసుకునే అవసరం రాలేదు. కాబట్టి షోలో మధ్యాహ్నమంతా ఎండలో దొర్లినా డి విటమిన్ గిన్నెలోంచే రావాలి: గుడ్డు పచ్చసొన, చేప, కొద్దిగా కాలేయం. కొద్దిగా అన్నది గట్టిగా చెప్తున్నాను. కాలేయంలో విటమిన్-ఏ కుప్పలుగా ఉంటుంది, నెలల తరబడి రోజూ అతిగా పెడితే కుక్క ఎముకలకి హాని.

ఇన్నిసార్లు మాంసం, చేప అన్నాను కానీ ఈ కుక్క చరిత్రలో ఎక్కువ కాలం తిన్నది మొక్కజొన్న. మెక్సికో పడమటి తీరంలో కొలీమా అనే ప్రాంతం ఉంది. అక్కడ లోతుగా తవ్విన సమాధుల్లో ఎర్రటి మట్టికుక్కలు దొరుకుతాయి. క్రీ.పూ. 300 నుంచి క్రీ.శ. 300 మధ్యవి. పొట్టలు గుండ్రంగా, కాళ్ళు పొట్టిగా, ఒళ్ళు వెంట్రుక గీత లేకుండా నున్నగా ఉంటాయి. వీటిని షోలోలనే చాలామంది అంటారు. వాటిలో కొన్నిటి నోట్లో ఒక మొక్కజొన్న పొత్తు ఉంటుంది. ముద్దుగా ఉన్నాయని మ్యూజియంల దుకాణాల్లో నకళ్ళు అమ్ముతారు. ఆ గుండ్రటి పొట్ట వెనక సంగతి అంత ముద్దుగా ఉండదు. అప్పటి మెక్సికోలో కుక్కల్ని బాగా మేపి కోసుకుని తినేవారు. అకోల్మన్ అనే ఊరి కుక్కల సంతకి స్పెయిన్‌వాళ్ళు వచ్చాక కూడా పేరుండేది. మొక్కజొన్న కుక్కని లావు చేస్తుందని ఆ కుమ్మరికి తెలుసు.

మాంసాహారి మొక్కజొన్న ఎలా అరిగించుకుంది? 2013లో స్వీడన్‌లోని ఉప్సలా శాస్త్రవేత్తలు తోడేళ్ళనీ కుక్కలనీ పోల్చి చూశారు. పిండిపదార్థాన్ని విడగొట్టే అమైలేజ్ జన్యువు తోడేలుకి రెండే కాపీలు, కుక్కకి నాలుగు నుంచి ముప్ఫై దాకా. మనిషి పంచన చేరి, మనిషి పారేసింది తిని బతికిన జంతువుకి మనిషి పొట్టే వచ్చింది. ధాన్యం కుక్కకి విషమని ఈ మధ్య ప్రచారం చేసేవాళ్ళు ఈ ముప్ఫై కాపీల మాట ఎత్తరు. ఉడికిన అన్నమైనా, మొక్కజొన్న అయినా కుక్క చక్కగా అరిగించుకుంటుంది. ధాన్యమొక్కటే పెట్టడం వేరే సంగతి, అక్కడే చిక్కు.

ఆ చిక్కు అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో బయటపడింది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో అక్కడి పేదలు మొక్కజొన్న పిండి తిని పెల్లాగ్రాతో పోయారు. ఎండ తగిలినచోట చర్మం కాలినట్టయి పొట్టు రేగేది, విరేచనాలు, చివరికి మతి తప్పడం. జోసఫ్ గోల్డ్‌బెర్గర్ అనే వైద్యుడు అది అంటువ్యాధి కాదు, తిండి లోపమని పట్టుకున్నాడు. అదే తిండి తిన్న కుక్కలకి నోరు పుండై నాలుక నల్లబడేది. మన ఊళ్ళలో నాలుక మీద పుట్టుమచ్చ ఉన్నవాడు అన్నది జరుగుతుందంటారు కానీ ఈ నల్లనాలుక వేరు, ఇది తిండి లోపానికి గుర్తు. 1937లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కాన్రాడ్ ఎల్వెజెమ్ నల్లనాలుక పట్టిన కుక్కకి నికోటినిక్ ఆమ్లం ఇచ్చి నయం చేశాడు. మనుషుల పెల్లాగ్రాకి మందు అలా ఒక కుక్క నోట్లోంచి దొరికింది.

మరి వేల ఏళ్ళుగా మొక్కజొన్నే తిన్న మెక్సికోవాళ్ళకీ వాళ్ళ కుక్కలకీ ఈ గతి ఎందుకు పట్టలేదు? వాళ్ళు మొక్కజొన్నని సున్నపు నీళ్ళలో ఉడికించి, నానబెట్టి, కడిగి రుబ్బుతారు. మొక్కజొన్నలో ఆ నికోటినిక్ ఆమ్లం, అంటే నయాసిన్, ఉంది కానీ బిగిసిపోయి ఉంటుంది, సున్నం ఆ బిగువు విప్పుతుంది. కాల్షియం కూడా కలుస్తుంది. పక్కన చిక్కుడు గింజలుంటాయి. యూరప్‌వాళ్ళు మొక్కజొన్నని తీసుకెళ్ళారు, సున్నాన్ని అక్కడే వదిలేశారు. మెక్సికో ఇంట్లో కుక్కకి విసిరే మిగిలిపోయిన తోర్తియా ముక్కలో ఈ సంగతంతా ఉంది.

ఈ కథ హైదరాబాద్‌లోనూ నడిచింది. దక్కన్‌లో జొన్నరొట్టె తిని బతికే పేదల్లో పెల్లాగ్రా కనిపించేది. హైదరాబాద్‌లోని పోషకాహార పరిశోధనశాలలో, ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థలో, సి. గోపాలన్ బృందం దాని వెంటపడింది. జొన్న కలిపిన తిండి పెడితే కుక్కలకి నల్లనాలుక వస్తుందని 1965లో చూపించారు. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ కారణమని గోపాలన్ వాదించారు. ఆ వాదం మీద తర్వాత చాలా చర్చ నడిచింది. మన గిన్నె వరకూ కావాల్సింది మాత్రం వివాదం లేని సంగతే: జొన్నయినా మొక్కజొన్నయినా ఒక్కటే పెట్టి కుక్కని నిలబెట్టలేం, పక్కన గుడ్డో మాంసమో పప్పో పడాలి.

ఇంట్లో వండిపెట్టాలనుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక. 2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖవాళ్ళు కుక్కల కోసం రాసిన 200 ఇంటి వంటకాలని లెక్కగట్టారు. నూటికి తొంభైఅయిదింటిలో కనీసం ఒక్క ముఖ్య పోషకమైనా తక్కువే. కోడిమాంసం, అన్నం, కారెట్ చూడ్డానికి కన్నులపండువగా ఉంటాయి కానీ అందులో కాల్షియం లేదు. ఎముక లేని మాంసంలో భాస్వరమే ఎక్కువ, ఆ లోటు కుక్క తన దవడ ఎముకలోంచి పూడ్చుకుంటుంది. అసలే పళ్ళు తక్కువైన షోలో దవడకి ఇది అన్యాయం. వండిపెట్టేది నెలల తరబడి అయితే పశువైద్యుడి చేత ఒక లెక్క రాయించుకుని దాని ప్రకారమే వండాలి. మధ్యలో "ఇవాళ కాస్త ఇది" అని మార్చడం మొదలైతే ఆ కాగితం ఎందుకూ పనికిరాదు. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష ఏ రూపంలోనూ వద్దు. మెక్సికో పండగ కూర మోలెలో వీటిలో మూడు నాలుగు ఒకేచోట పడుతుంటాయి. మన బిర్యానీ కూడా ఈ విషయంలో తక్కువేం తినలేదు.

వీపు మీద నల్లగింజల సంగతి చెప్పలేదు కదూ. అవి సరిగ్గా ఏర్పడని వెంట్రుక గుంటల్లో జిడ్డు పేరుకుని అయ్యేవి. పుట్టుకలోనే ఉన్న విషయం. తిండి మార్చి వాటిని పోగొట్టాలని చూడటం వృథా శ్రమ. స్నానం, మెత్తటి గుడ్డ, ఓపిక. అవి చీముపడితే డాక్టరు.

చివరిగా పిల్లలు. షోలో పిల్ల పుట్టినప్పుడు దాని ఒంటివేడి 35, 36 డిగ్రీలే ఉంటుంది. మొదటి రెండు మూడు వారాలు ఏ కుక్కపిల్లా తన వేడి తాను కాసుకోలేదు, తొలి రోజుల్లో వణకడం కూడా రాదు. బొచ్చున్న తోబుట్టువుకి కాస్త అడ్డుంది, బోడిదానికి అదీ లేదు. తెల్లవారుజామున లేచి చూస్తే గుంపులోంచి జారి పక్కకి పడిన ఒక పిల్ల, చేతిలోకి తీసుకుంటే చల్లగా, మెత్తగా, చప్పుడు లేకుండా ఉంటుంది. చూసినవాళ్ళు చేసే మొదటి పని సీసాతో పాలు పట్టడం. అదే తప్పు. ఒంటివేడి 34 కంటే దిగిన పిల్లకి పేగు కదలదు. పోసిన పాలు కడుపులోనే పులుస్తాయి, లేదా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాలగిన్నె పక్కన పెట్టి పిల్లని చొక్కా లోపల, గుండెకి ఆనించి పట్టుకోవాలి. పొయ్యి దగ్గరా వద్దు, హీటర్ ముందూ వద్దు, మెల్లగా. గంటో రెండు గంటలో గడిచాక అది ముందు కాళ్ళు చాస్తుంది, సన్నగా మూలుగుతుంది, ఆ తర్వాత మూతి అటూ ఇటూ తిప్పుతూ చొక్కా గుండీని చీకబోతుంది. అప్పుడు తల్లి దగ్గర వదలాలి.